నిర్జీవ దంతము తెల్లబరచుట

నిర్జీవ దంతము తెల్లబరచుట అనగా లోపలి మజ్జ నశించి బూడిద, గోధుమ లేదా నల్లని రంగుకు మారిన పంటిని తిరిగి పక్క పళ్ళ రంగుకు దగ్గరగా తీసుకువచ్చే దంతవైద్య ప్రక్రియ. ఇటువంటి పంటిని వాడుకలో చచ్చిన పన్ను, జీవం పోయిన పన్ను, నరం చచ్చిన పన్ను అని పిలుస్తారు. ఈ సమస్య ఎక్కువగా పై దవడలోని ముందు పళ్ళలో కనిపిస్తుంది. దెబ్బ మొదట తగిలేది వాటికే, నవ్వినపుడు మొదట కనబడేవీ అవే. బజారులో దొరికే తెల్లబరచే పేస్టులు, పొడులు ఈ పంటిపై పనిచేయవు. మరక పంటి పైన కాక పంటి లోపల ఉండడమే ఇందుకు కారణము. లోపలి మరకను లోపలినుండే పోగొట్టే పద్ధతి అరవై ఏళ్ళకు పైగా వాడుకలో ఉన్నది. ఆ సంగతి తెలియక చాలామంది గట్టిగా ఉన్న పంటిని అరగదీయించి తొడుగు వేయించుకుంటున్నారు, మరికొందరు పీకించుకుంటున్నారు.

పంటి నిర్మాణము

పంటిలో పైకి కనిపించే తెల్లని గట్టి పొర ఎనామిల్. దీనిలో జీవకణాలు ఉండవు. కొంతవరకు పారదర్శకముగా ఉండడము వలన దీని వెనుక ఉన్న పొర రంగు బయటకు కనబడుతుంది. ఆ వెనుక పొర పేరు డెంటిన్. ఇది లేత పసుపు రంగులో ఉండి, కంటికి కనబడనంత సన్నని గొట్టాలతో నిండి ఉంటుంది. మజ్జకు దగ్గరగా ఒక్క చదరపు మిల్లీమీటరులో 40,000 కు పైగా గొట్టాలు ఉంటాయి. పంటి నడుమ ఉన్న గదిలోను, అక్కడినుండి వేరు కొన వరకు సాగే సన్నని నాళములోను మజ్జ ఉంటుంది. దీనిని దంతవైద్యులు పల్ప్ అంటారు. జనము దీనినే నరము అంటారు గాని, దీనిలో నరములతో పాటు రక్తనాళములు, జీవకణములు కూడా ఉంటాయి.

మజ్జ నశించినంత మాత్రాన పన్ను దవడకు పరాయిదైపోదు. వేరు చుట్టూ ఉన్న స్నాయువు, దానిని పట్టి ఉంచే ఎముక తమ రక్తప్రసరణతో సజీవముగానే ఉంటాయి. కావున సరైన చికిత్స పొందిన నిర్జీవ దంతము దశాబ్దాలపాటు నమలడానికి, కొరకడానికి పనికివస్తుంది. "చచ్చిన పన్ను" అన్న మాట విని దానిని శవము వలె భావించి పీకివేయనక్కరలేదు.

పన్ను నిర్జీవమగుటకు కారణములు

ముందు పళ్ళ విషయములో ప్రధాన కారణము దెబ్బ. సైకిలు మీదినుండి పడడము, క్రికెట్ బంతి తగలడము, మెట్ల మీద బోర్లా పడడము వంటి సంఘటనలలో పన్ను విరగకపోయినా, వేరు కొన దగ్గర లోపలికి ప్రవేశించే రక్తనాళములు తెగిపోవచ్చు. రక్తము అందక మజ్జ క్రమముగా నశిస్తుంది. ఇది వెంటనే తెలియదు. దెబ్బ తగిలిన కొన్ని నెలలకు, ఒక్కొక్కసారి ఎన్నో ఏళ్ళకు పన్ను రంగు మారడము మొదలవుతుంది. బడి ఈడులో తగిలిన దెబ్బ పెళ్ళి ఈడులో బయటపడడము ఈ కారణము చేతనే.

రెండవ కారణము పిప్పి పన్ను. పుచ్చు లోతుగా దిగి మజ్జను చేరితే సూక్ష్మజీవులు దానిని చంపివేస్తాయి. ముందు పళ్ళలో పుచ్చు సాధారణముగా రెండు పళ్ళ సందులో మొదలవుతుంది కనుక చాలాకాలము కనబడదు. నిద్రలో పళ్ళు కొరకడము, లోతైన పాత ఫిల్లింగులు కూడా కొన్నిసార్లు కారణమవుతాయి.

రంగు మారుటకు కారణములు

దెబ్బ తగిలినపుడు మజ్జలో రక్తస్రావము జరుగుతుంది. ఎర్ర రక్తకణములు పగిలి, వాటిలోని హిమోగ్లోబిన్ డెంటిన్ గొట్టాలలోకి పాకుతుంది. తరువాత అది విచ్ఛిన్నమై ఇనుము విడుదలవుతుంది. కుళ్ళుతున్న మజ్జనుండి వెలువడే గంధకముతో ఆ ఇనుము కలిస్తే నల్లని ఐరన్ సల్ఫైడు ఏర్పడుతుంది. రక్తస్రావము లేకుండా మజ్జ నశించినపుడు కూడా మాంసకృత్తులు కుళ్ళి ఏర్పడే పదార్థాలు డెంటిన్‌ను గోధుమరంగుకు మారుస్తాయి. సుద్దముక్కను సిరాలో ముంచి తీస్తే సిరా లోపలికంటా పీల్చుకొనిపోతుంది. ఆపైన ముక్కను ఎంత తుడిచినా తెలుపు రాదు. పంటి స్థితి అటువంటిదే.

చికిత్స వలన కూడా పన్ను నల్లబడవచ్చు. ఇది రోగులకు అంతగా తెలియని విషయము. రూట్ కెనాల్ చికిత్సలో పంటి వెనుకవైపు చేసే రంధ్రము మరీ చిన్నదైతే, మజ్జగది పై మూలల్లో కొంత మజ్జ మిగిలిపోయి అక్కడే కుళ్ళుతుంది. నాళములో నింపే గట్టాపెర్చా అనే రబ్బరు వంటి పదార్థమును, దానిని అంటించే సిమెంటును చిగురు మట్టముకంటె పైకి, అనగా బయటకు కనబడే భాగములో వదిలివేసినా అవి కాలక్రమములో రంగు దిగుతాయి. పూర్వము వెండి కలిసిన సిమెంట్లు, పాదరసము కలిసిన అమాల్గమ్ ఫిల్లింగులు ఇటువంటి మరకలను చాలా కలిగించేవి. ఎమ్.టి.ఎ. అనే సిమెంటులోని బిస్మత్ ఆక్సైడు, వేరు పూర్తిగా ఎదగని పిల్లల పళ్ళలో పెట్టే మూడు యాంటీబయాటిక్‌ల ముద్దలోని మినోసైక్లిన్ కూడా పంటిని బూడిదరంగుకు మారుస్తాయి.

రంగును బట్టి కారణమును గుర్తించుట

రంగు మారిన ప్రతి పన్నూ నిర్జీవమైనది కాదు. ఈ భేదము తెలియక పొరపాటు చికిత్సలు జరుగుతుంటాయి. ఒకే ఒక పన్ను బూడిద లేదా నలుపు ఛాయకు మారితే మజ్జ నశించి ఉండే అవకాశము ఎక్కువ. ఒకే పన్ను పక్క పళ్ళకంటె పసుపుపచ్చగా మారితే, దెబ్బ తరువాత మజ్జ తనను తాను కాపాడుకొనేందుకు లోపల కొత్త డెంటిన్‌ను పేర్చి నాళమును దాదాపు మూసివేసి ఉండవచ్చు. అటువంటి పన్ను చాలాసార్లు సజీవముగానే ఉంటుంది. గులాబీరంగు రెండు సందర్భాలలో కనిపిస్తుంది. దెబ్బ తగిలిన కొత్తలో కనిపించే గులాబీ ఛాయ లోపలి రక్తస్రావము వలన కలిగేది, అది తగ్గిపోవచ్చు. చాలాకాలము తరువాత పంటి నడుమ గాని, చిగురు దగ్గర గాని గులాబీ మచ్చ వస్తే పన్ను లోపలినుండి కరుగుతున్నదని అనుమానించి వెంటనే ఎక్స్-రే తీయించవలెను.

చాలా పళ్ళపై ఒకే రీతిగా తెల్లని సుద్ద మచ్చలు, గోధుమరంగు చారలు ఉంటే అది ఫ్లోరోసిస్ కావచ్చు. తెలంగాణలోని నల్గొండ, ఆంధ్రప్రదేశ్‌లోని ప్రకాశం జిల్లాల గ్రామాలలో బావులు, బోర్ల నీటిలోని అధిక ఫ్లోరైడు వలన ఇది తరతరాలుగా ఉన్నది. ఎముకలకు సోకే ఫ్లోరోసిస్‌ను భారతదేశములో తొలిసారిగా 1937లో వివరించినది అప్పటి మద్రాసు రాష్ట్రములోని నెల్లూరు జిల్లా రోగులను చూసియే. ఫ్లోరోసిస్ పళ్ళు నిర్జీవమైనవి కావు, వాటి మరక ఎనామిల్‌లో ఉంటుంది, చికిత్స వేరు. చిన్నతనములో టెట్రాసైక్లిన్ మందులు వాడినవారి పళ్ళపై కనిపించే అడ్డచారలు కూడా ఈ వ్యాస పరిధిలోనివి కావు. ఇక కిళ్ళీ, జర్దా, గుట్కా, బీడీల మరకలు పంటి పైపొరకు చెందినవి. పళ్ళు శుభ్రము చేయించుకుంటే పోతాయి.

ముందుగా చేయవలసిన పరీక్షలు

తెల్లబరచడానికి ముందు రెండు ప్రశ్నలకు సమాధానము దొరకవలెను. పన్ను నిజముగా నిర్జీవమైనదా? అయితే దాని వేరు కొన దగ్గర చీము ఉన్నదా?

నిర్జీవ దంతము నొప్పి పెట్టకపోవడమే దానిలోని ప్రమాదము. వేరు కొన దగ్గర ఎముకలో సూక్ష్మజీవుల వలన వాపు, తిత్తి ఏర్పడి ఏళ్ళ తరబడి నిశ్శబ్దముగా పెరగవచ్చు. చిగురు మీద చిన్న కురుపు లేచి, చితికి, మళ్ళీ లేవడము దీనికి గుర్తు. కొందరికి అది కూడా ఉండదు, ఎక్స్-రేలో వేరు కొన చుట్టూ నల్లని నీడగా మాత్రమే తెలుస్తుంది. అద్దములో కనిపించే రంగు గురించి వెళ్ళిన రోగికి కనిపించని చీము సంగతి తెలియడము అరుదేమీ కాదు. రంగు సంగతి తరువాత, ముందు ఈ వ్యాధి నయము కావలెను.

మజ్జ సజీవముగా ఉన్నదో లేదో చల్లని వస్తువును తాకించి గాని, స్వల్ప విద్యుత్తును పంపి గాని పరీక్షిస్తారు. దెబ్బ తగిలిన కొత్తలో ఈ పరీక్షలను నమ్మలేము. మజ్జ బ్రతికి ఉన్నా సుమారు మూడు నెలల వరకు స్పందన లేకపోవచ్చు. అందుచేత రంగు మారడము ఒక్కటే ఆధారముగా రూట్ కెనాల్ చేయరాదు. రంగుతో పాటు స్పందన లేకపోవడము, ఎక్స్-రేలో మార్పు, చిగురు కురుపు, తట్టినపుడు నొప్పి వంటి లక్షణాలలో కనీసము మరొకటి తోడుకావలెనన్నది దంతగాయాల నిపుణుల సూత్రము. ముఖ్యముగా ఎదిగే వయసు పిల్లలలో మజ్జ తిరిగి కోలుకొని, రంగు కూడా కొంత వెనుకకు మళ్ళిన సందర్భాలు ఉన్నాయి.

చరిత్ర

నిర్జీవ దంతములను రసాయనములతో తెల్లబరచే ప్రయత్నాలు 19వ శతాబ్దములో అమెరికాలో మొదలైనవి. 1864లో ట్రూమన్ అనే దంతవైద్యుడు సున్నముతో కలిసిన క్లోరిన్‌ను ఇందుకు వాడాడు. బట్టల మిల్లులలో వాడే తెలుపు మందుకు ఇది దగ్గరి చుట్టము. 1884లో హార్లన్ హైడ్రోజన్ పెరాక్సైడును ప్రవేశపెట్టాడు. 1918లో ఎబట్ గాఢమైన పెరాక్సైడుకు బలమైన దీపపు వేడిని జోడించాడు. ఆ తరువాత చాలాకాలము వేడి చేసిన పనిముట్టును పంటి లోపల పెట్టి పెరాక్సైడును మరిగించడమే ప్రామాణిక పద్ధతిగా సాగింది.

1961లో స్పాసర్ ఒక తేలిక మార్గమును సూచించాడు. సోడియం పెర్బొరేట్ అనే తెల్లని పొడిని నీటితో కలిపి, ముద్దగా చేసి, పంటి గదిలో పెట్టి మూసి రోగిని ఇంటికి పంపివేయడమే ఆ మార్గము. 1963లో నటింగ్, పో అనే ఇద్దరు నీటికి బదులు 30 శాతము హైడ్రోజన్ పెరాక్సైడు కలిపారు. మందు పంటిలో ఉండగానే రోగి తన పనులు చూసుకుంటూ తిరుగుతాడు కనుక దీనికి "వాకింగ్ బ్లీచ్" అన్న పేరు స్థిరపడింది. తెలుగులో దీనిని "నడుస్తూ తెలుపు" అనవచ్చును గాని, వైద్యులు, రోగులు ఇంగ్లీషు పేరుతోనే వ్యవహరిస్తారు.

1979లో హారింగ్టన్, నాట్కిన్ ఇలా తెల్లబరచిన కొన్ని పళ్ళలో చిగురు మట్టము వద్ద వేరు కరిగిపోయిందని ప్రకటించారు. ఈ రంగములో ఇది పెద్ద మలుపు. వేడి పద్ధతి క్రమముగా వెనుకబడి, గాఢత తక్కువ మందులు, లోపలి అడ్డుగోడ తప్పనిసరి అయినవి.

లోపలినుండి తెల్లబరచుట

ఈ చికిత్సకు అర్హత పొందవలెనంటే పంటికి రూట్ కెనాల్ పూర్తి అయి, వేరు కొన వరకు నాళము బాగుగా నిండి, అక్కడ వాపు లేకుండా ఉండవలెను. పాత రూట్ కెనాల్ సరిగా లేకపోతే దానిని మళ్ళీ చేసిన తరువాతే తెలుపు సంగతి చూస్తారు. పన్ను పైభాగము చాలావరకు మిగిలి ఉండడము కూడా అవసరము. పెద్ద పెద్ద ఫిల్లింగులతో నిండిన పంటికి తెలుపు మందు పెట్టినా ఫిల్లింగు రంగు మారదు.

మొదట పంటి ప్రస్తుత రంగును నమూనా పళ్ళ పట్టీతో పోల్చి నమోదు చేసి, ఫోటో తీస్తారు. పంటి చుట్టూ పలుచని రబ్బరు తెర బిగిస్తారు. మందు చిగురుకు తగిలితే కాలుతుంది. పంటి వెనుకవైపున్న పాత రంధ్రమును తెరచి, లోపలి పాత ఫిల్లింగును, మూలల్లో మిగిలిన మజ్జను శుభ్రముగా తీసివేస్తారు. ఒక్కొక్కసారి ఈ శుభ్రతతోనే పన్ను ఒక ఛాయ తేరుకుంటుంది. తరువాత నాళములోని గట్టాపెర్చాను చిగురు మట్టముకంటె రెండు మూడు మిల్లీమీటర్లు లోతుకు తొలగించి, దానిపై సుమారు రెండు మిల్లీమీటర్ల మందముతో గ్లాస్ అయనోమర్ వంటి సిమెంటును అడ్డుగోడగా వేస్తారు. చికిత్స అంతటిలోను అతి ముఖ్యమైన ఘట్టము ఇదే. ఈ గోడ లేనిచో మందు వేరులోకి దిగుతుంది. చిగురు అంచు పంటి ముందు ఒక ఎత్తున, పక్కల మరొక ఎత్తున ఉంటుంది కనుక గోడ కూడా ఆ వంపునే అనుసరించవలెను. చదునుగా వేస్తే పక్కల మందు జారే దారి మిగులుతుంది.

గోడ గట్టిపడిన తరువాత సోడియం పెర్బొరేట్‌ను నీటితో తడి ఇసుక వలె కలిపి గదిలో కూరి, పైన తాత్కాలిక సిమెంటుతో మూస్తారు. తడికి పెర్బొరేట్‌నుండి కొద్దికొద్దిగా హైడ్రోజన్ పెరాక్సైడు, దానినుండి చురుకైన ఆక్సిజన్ విడుదలై, డెంటిన్ గొట్టాలలోని రంగు పదార్థాల పెద్ద అణువులను విరిచి రంగులేని చిన్న అణువులుగా మారుస్తుంది. మూడునుండి ఏడు రోజులకు ఒకసారి చూసి, అవసరమైతే మందు మారుస్తారు. సాధారణముగా ఒకటినుండి నాలుగు సార్లలో ఫలితము తేలిపోతుంది. నాలుగు సార్లకూ కదలిక లేకపోతే మరల మరల పెట్టడము వృథా.

తాత్కాలిక మూత ఊడిపోతే మందు నోటిలోకి వచ్చి పని ఆగిపోతుంది. ఆ పంటితో చెరకు, జామకాయ, వేరుశనగ ఉండ వంటివి కొరకకుండా ఉండడము ఈ రోజులలో రోగి చేయవలసిన పని. రంగు రోజూ అద్దములో చూసుకుంటూ, పక్క పంటికంటె తెల్లబడుతున్నదనిపిస్తే వెంటనే వైద్యునికి తెలుపవలెను. తరువాత కొంత వెనుకకు మళ్ళుతుంది కనుక, అవసరమైనదానికంటె ఒక పిసరు ఎక్కువ తెలుపు వద్ద ఆపడము వైద్యుల అలవాటు.

మందు తీసివేసిన వెంటనే శాశ్వత ఫిల్లింగు వేయరాదు. డెంటిన్‌లో మిగిలిన ఆక్సిజన్ కారణముగా కాంపొజిట్ ఫిల్లింగు పంటికి గట్టిగా అతకదు. ఒకటి రెండు వారాలపాటు గదిలో కాల్షియం హైడ్రాక్సైడు ఉంచి, ఆపై లేత రంగు కాంపొజిట్‌తో మూస్తారు. తొందరపడి అదే రోజున మూసిన ఫిల్లింగు అంచున కారి, మళ్ళీ మరకలకు దారి ఇస్తుంది.

ఐరోపా సమాఖ్యలో బోరాన్ సమ్మేళనాలు సంతానోత్పత్తికి హాని కలిగించగల పదార్థాల వర్గములో చేరడముతో సౌందర్య సాధనాలలో సోడియం పెర్బొరేట్ వాడకము నిషిద్ధమైనది. అక్కడి వైద్యులు కార్బమైడ్ పెరాక్సైడు జెల్‌ను గాని, తక్కువ గాఢత పెరాక్సైడును గాని వాడుతున్నారు. 2011 నాటి ఐరోపా ఆదేశము ప్రకారము తెల్లబరచే మందులలో హైడ్రోజన్ పెరాక్సైడు 6 శాతము దాటరాదు, 18 ఏళ్ళ లోపువారికి వాడరాదు. ఈ వయో నిబంధన అక్కడి దంతవైద్యులలో చర్చకు దారితీసింది. దెబ్బ తగిలి నల్లబడిన పన్నుతో తోటివారి వేళాకోళమును భరించేది ఎక్కువగా ఆ వయసువారే మరి.

లోపల-వెలుపల పద్ధతి

1989లో హేవుడ్, హేమన్ 10 శాతము కార్బమైడ్ పెరాక్సైడు జెల్‌ను రాత్రిపూట పళ్ళ అచ్చులో వేసి పెట్టుకొనే పద్ధతిని ప్రచురించారు. ఈ జెల్‌నుండి వచ్చే హైడ్రోజన్ పెరాక్సైడు సుమారు 3.5 శాతము మాత్రమే. 1997లో దీనిని నిర్జీవ దంతములకు అన్వయించి, వెనుక రంధ్రమును మూయకుండా ఉంచి, రోగియే లోపల జెల్ నింపుకొని, అచ్చు తొడుక్కొనే పద్ధతి వెలువడింది. కొద్ది రోజులలోనే ఫలితము కనిపిస్తుంది. కాని రంధ్రము తెరచి ఉంటుంది కనుక తిన్న ప్రతిసారీ దానిని శుభ్రము చేసుకోవలెను, చెప్పిన రోజుకు తప్పక మూయించుకోవలెను. మళ్ళీ రానివారికి, క్రమము పాటించలేనివారికి ఇది తగదు.

నాళము మూసుకొనిపోయి పసుపుపచ్చగా మారిన సజీవ దంతమునకు రంధ్రము చేయనక్కరలేదు. అచ్చులో ఆ ఒక్క పంటికి మాత్రమే జెల్ వేసి బయటనుండి తెల్లబరుస్తారు. వారాలు పడుతుంది, కాని పన్ను చెక్కుచెదరదు.

వేరు కరిగిపోవుట

లోపలి తెలుపులో ప్రధానమైన ప్రమాదము చిగురు మట్టము వద్ద వేరు బయటనుండి కరగడము. ఎనామిల్, వేరును కప్పే సిమెంటమ్ అనే పొర కలిసే చోట కొందరిలో సహజముగానే సన్నని ఖాళీ ఉంటుంది. సుమారు పదిమందిలో ఒకరికి ఇలా ఉంటుందని పాఠ్యగ్రంథాలు చెబుతాయి. గాఢమైన పెరాక్సైడు ఆ ఖాళీగుండా బయటి స్నాయువును చేరి వాపు కలిగిస్తే, శరీరములోని కణములే వేరును తినివేయడము మొదలుపెడతాయి. గతములో దెబ్బ తగిలిన పళ్ళలో, 30 శాతము పెరాక్సైడు వాడిన పళ్ళలో, వేడి ప్రయోగించిన పళ్ళలో ఇది ఎక్కువ. అడ్డుగోడ వేసి, నీటితో కలిపిన పెర్బొరేట్ వాడినపుడు ఇది అరుదు.

నొప్పి లేకుండా, చికిత్స జరిగిన కొన్నేళ్ళకు బయటపడడము దీని స్వభావము. కావున తెల్లబరచిన పంటికి కొన్నేళ్ళపాటు సంవత్సరానికి ఒకసారి ఎక్స్-రే తీయించడము అవసరము. మొదట్లో గుర్తిస్తే కరిగిన చోటును శుభ్రపరచి నింపవచ్చు. ఆలస్యమైతే పన్ను దక్కదు. పన్ను తెల్లబడగానే అంతా అయిపోయిందని వెళ్ళిపోయేవారికి ఈ మాట ముందే చెప్పవలసి ఉంటుంది.

ఫలితము

దెబ్బ వలన, మజ్జ కుళ్ళడము వలన వచ్చిన మరకలు బాగా పోతాయి. మరక కొత్తదైనకొద్దీ ఫలితము మెరుగు. అమాల్గమ్, వెండి సిమెంట్ల వంటి లోహపు మరకలు మొండివి, చాలావరకు పోవు. చిగురు అంచున ఉండే భాగములో ఎనామిల్ పలుచన గనుక అక్కడ రంగు కొంత మిగులుతుంది. చిగురు కింది వేరు నల్లగానే ఉండిపోతుంది. చిగురు పలుచగా ఉన్నవారిలో ఆ నీడ తొడుగు వేసినా కనబడుతుంది.

తెలుపు శాశ్వతము కాదు. కొందరిలో కొన్నేళ్ళకు పన్ను తిరిగి కొంత నల్లబడుతుంది. అపుడు మళ్ళీ మందు పెట్టవచ్చు. పన్ను అరగలేదు కనుక ఈ అవకాశము మిగిలి ఉంటుంది.

పొరలు, తొడుగులు

లోపలి తెలుపు తగినంత ఫలించనపుడు, పన్ను విరిగి ఉన్నపుడు పంటి ముందు భాగముపై కాంపొజిట్ గాని, పింగాణీ గాని పలుచని పొరగా అతికిస్తారు. వీటిని వెనీర్లు అంటారు. పొర పలుచన, వెనుక పన్ను నలుపు అయితే ఆ నలుపు పొరగుండా కనిపిస్తుంది. దానిని కప్పడానికి మందము పెంచితే పన్ను ఉబ్బుగా, సున్నము కొట్టినట్లుగా తోస్తుంది. అందుచేత వెనీరు వేయదలచినా ముందు లోపలినుండి కొంత తెల్లబరచడము మేలైన పద్ధతి.

తొడుగు, అనగా క్యాప్, పంటిని చుట్టూ అరగదీసి పైన కప్పేది. ముందు పళ్ళలో వెనీరుకు పంటి పైభాగములో సుమారు 3 నుండి 30 శాతము వరకు పోతే, పూర్తి తొడుగుకు 63 నుండి 72 శాతము పోతుందని ఎడెల్‌హాఫ్, సోరెన్‌సెన్ 2002లో కొలిచి ప్రకటించారు. అరగదీసిన పన్ను తిరిగి పెరగదు, తొడుగు జీవితాంతము నిలవదు. ఇరవై ఏళ్ళవాడికి వేసిన తొడుగును అతని జీవితకాలములో ఒకటికంటె ఎక్కువసార్లు మార్చవలసి రావచ్చు. లోహముపై పింగాణీ పూసిన తొడుగులలో చిగురు జారినపుడు అంచున నల్లని గీత కూడా కనబడుతుంది.

రూట్ కెనాల్ జరిగిన ప్రతి పంటికీ తొడుగు తప్పదన్న నమ్మకము మన ఊళ్ళలో బలముగా ఉన్నది. దవడ పళ్ళ విషయములో ఇది చాలావరకు సరియైనదే, నమిలే బరువుకు అవి చీలే ప్రమాదము ఉన్నది. ముందు పంటికి ఈ సూత్రము అలాగే వర్తించదు. వెనుక చిన్న రంధ్రము తప్ప పన్ను అంతా గట్టిగా ఉంటే ఫిల్లింగు చాలును. సగానికి పైగా విరిగిన పంటికి, పెద్ద ఫిల్లింగులు ఉన్న పంటికి, తెలుపు మందుకు లొంగని మరక ఉన్న పంటికి తొడుగు న్యాయమైన చికిత్స. రంగు ఒక్కటే లోపమైన పంటికి తొడుగు మొదటి చికిత్స కారాదు. పీకి ఇంప్లాంటు అమర్చడము వేరు చీలినపుడు, వేరు కరిగిపోయినపుడు మాత్రమే ఆలోచించవలసినది.

ఇంటి చిట్కాలు

బొగ్గు, ఉప్పు, కచ్చిక, ఇటుకపొడి, వంటసోడా, నిమ్మరసములతో రుద్దడము నిర్జీవ దంతముపై ఏ ప్రభావమూ చూపదు. గరుకు పొడులు ఎనామిల్‌ను అరగదీస్తాయి, నిమ్మపులుపు దానిని కరిగిస్తుంది. ఎనామిల్ పలుచనైతే వెనుక ఉన్న నల్లని డెంటిన్ మరింత స్పష్టముగా కనబడుతుంది, అనగా చేసిన శ్రమకు ఫలితము తలక్రిందులవుతుంది. మందుల దుకాణములో గాయాలు కడగడానికి అమ్మే హైడ్రోజన్ పెరాక్సైడును పంటి రంధ్రములో పోసుకోవడము ప్రమాదకరము. అడ్డుగోడ లేని నాళములో అది ఎక్కడికి పోతుందో చెప్పలేము. గర్భిణులు, పాలిచ్చు తల్లులు తెల్లబరచే చికిత్సలను వాయిదా వేసుకోవడము మంచిదని వైద్యులు సూచిస్తారు.

పాలపళ్ళు

నడక నేర్చే పిల్లలు పడినపుడు ముందు పాలపన్ను బూడిదరంగుకు మారడము సాధారణము. నొప్పి, వాపు, చిగురు కురుపు లేకపోతే దానికి చికిత్స అవసరము లేదు. కొన్ని తిరిగి రంగు తేరుకుంటాయి, తక్కినవి ఆరేడేళ్ళ వయసులో వాటంతట అవే ఊడిపోతాయి. పాలపళ్ళకు తెలుపు మందులు వాడరు. చిగురు వాచినా, కురుపు లేచినా మాత్రము ఆలస్యము చేయరాదు. పాలపంటి వేరుకు ఆనుకొనియే శాశ్వత దంతము తయారవుతూ ఉంటుంది. చీము దాని ఎనామిల్‌ను దెబ్బతీయగలదు.

చికిత్స లభించు చోట్లు

ఈ చికిత్స దంతవైద్యములో కన్సర్వేటివ్ డెంటిస్ట్రీ, ఎండోడాంటిక్స్ అనే శాఖకు చెందినది. ఆ శాఖలో ఎమ్.డి.ఎస్. పట్టా పొందినవారు దీనిలో నిపుణులు. బి.డి.ఎస్. వైద్యులు కూడా చేయవచ్చును. హైదరాబాదు, విజయవాడ, కడపలలోని ప్రభుత్వ దంతవైద్య కళాశాలలలో ఈ శాఖ ఉన్నది. వాడే మందుల ధర స్వల్పము కనుక సాధారణముగా దీనికి అయ్యే ఖర్చు పింగాణీ తొడుగుకంటె తక్కువ, కాని రెండు మూడుసార్లు తిరగవలసి ఉంటుంది. సౌందర్యశాలలలో పళ్ళు తెల్లబరుస్తామనే ప్రకటనలకు ఈ చికిత్సతో సంబంధము లేదు. చట్టము ప్రకారము నమోదైన వైద్యులే దంతచికిత్స చేయవలెను. రూట్ కెనాల్ మరొకచోట జరిగి ఉంటే అప్పటి ఎక్స్-రేలను, ఏ పదార్థముతో నాళము నింపారో తెలిపే చీటీని వెంట తీసుకువెళ్తే మరక లోహముదా, రక్తముదా అన్నది వైద్యుడు పంటిని తెరవకముందే అంచనా వేయగలడు.